ఇంటిపేరు అరేబియాది... ఊరు బార్కస్!

కత్తి చేతబట్టి కొలువుకొచ్చారు. నిజాం ఖజానాలకు కాపలా కాశారు. రాజ్యం పోయాక 'మీది ఏ దేశం?' అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయారు. హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కస్ వెనక ఓ పెద్ద వలస కథ ఉంది. ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపిస్తున్న మండీ హోటళ్ల వెనకా ఆ కథే ఉంది.

చార్మినార్ దగ్గర బయల్దేరి దక్షిణం దారి పట్టండి. శాలిబండ, అలియాబాద్ దాటాలి. కొండమీది ఫలక్‌నుమా ప్యాలెస్‌ని చూస్తూ ఇంకొంచెం ముందుకెళితే చాంద్రాయణగుట్ట చౌరస్తా వస్తుంది. అక్కణ్నుంచి శ్రీశైలం రోడ్డు మీద కాస్త దూరం వెళితే చాలు... చుట్టూ దృశ్యం మారిపోతుంది. గళ్ల లుంగీ, పైన చొక్కా, భుజాన అరబ్బుల రుమాలు. ముసలివాళ్ల నుంచి కుర్రాళ్ల దాకా చాలామందిది అదే వేషం. దుకాణాల బోర్డుల మీద పేర్లు చదవండి. బిన్ ఫలానా, బా ఫలానా, అల్ ఫలానా! అత్తరు సీసాలు, ఖర్జూరాలు, తోరణాల్లా వేలాడే ఇండోనేసియా లుంగీలు, ఆ పక్కనే పొగలు కక్కే మండీ హోటళ్లు. ఇంత అరబ్బు వాతావరణంలోనూ చెవిన పడే మాట మాత్రం అచ్చం హైదరాబాదీ. 'హౌ', 'నక్కో'ల దక్కనీ ఉర్దూ!

అదే బార్కస్. చార్మినార్‌కి ఆరేడు కిలోమీటర్ల దూరం. కానీ ఇక్కడి చాలా కుటుంబాల మూలాలు వెతకాలంటే అరేబియా సముద్రం దాటాలి. యెమెన్‌లోని హద్రమౌత్ అనే ఎడారి లోయదాకా వెళ్లాలి.

బ్యారక్స్... బార్కస్!

ముందు పేరు సంగతి చూద్దాం. ఇది అరబ్బీ మాటేమో అనుకుంటారు చాలామంది. కాదు, ఇంగ్లిషు మాట. సైనికుల నివాసాలను 'బ్యారక్స్' అంటారు కదా, జనం నోట నాని నాని అదే బార్కస్ అయింది. మన నోట్లో హాస్పిటల్ ఆస్పత్రి అయినట్టూ, లాంటర్న్ లాంతరు అయినట్టూ అన్నమాట. అంతకుముందు ఈ ప్రాంతాన్ని మైసారం అనేవారు. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల కోసం ఊరికి దూరంగా ఇక్కడ నివాసాలు కట్టించారు. అలా సైనికుల లైన్లుగా మొదలైంది, పెళ్లాం పిల్లలతో, మసీదులతో, బజారుతో పెద్ద బస్తీగా ఎదిగింది.

ఇక్కడి అరబ్బులకు ఇంకో పేరుంది. చావూష్! తుర్కీ సైన్యంలో అది ఒక చిన్న హోదా పేరు. దక్కన్‌లో మాత్రం హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లందరికీ అదే పేరు స్థిరపడిపోయింది. ఒక్క హైదరాబాద్‌లోనే కాదు, ఒకప్పటి నిజాం ఏలుబడిలోని ఔరంగాబాద్, నాందేడ్, పర్భణీ ప్రాంతాల్లోనూ చావూష్‌లున్నారు. పాత కొలువు పేరు ఇంటిపేరులా వెంట వచ్చిందన్నమాట.

లోయ నుంచి దక్కన్‌కి

అసలు అంత దూరం నుంచి ఇక్కడికెందుకొచ్చారు? హద్రమౌత్ చుట్టూ బండరాళ్ల పీఠభూములు. మధ్యలో లోయ. వాన పడితే పంట, లేకపోతే కరవు. మట్టి ఇటుకలతో అంతస్తుల మీద అంతస్తులు కట్టిన షిబామ్ నగరం ఆ లోయలోనే ఉంది. 1982లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. చూడ్డానికి అద్భుతమే కానీ, ఆ మేడల్లోని వాళ్లందరికీ కడుపునిండా తిండి పెట్టే శక్తి ఆ నేలకు లేదు. అందుకే మగపిల్లాడు చేతికి అందొచ్చాడంటే రేవుకెళ్లి ఓడెక్కాల్సిందే. షిహ్ర్, ముకల్లా రేవుల్లో తెరచాప పడవలు ఎక్కేవారు. రుతుపవనాల గాలివాటాన్ని బట్టి కొందరు తూర్పు ఆఫ్రికాకు, కొందరు జావా, సింగపూర్‌లకు, ఇంకొందరు ఇండియాకు చేరేవారు.

జావాకు వెళ్లినవాళ్లు ఎక్కువగా వ్యాపారాల్లో స్థిరపడ్డారు. దక్కన్‌కు వచ్చినవాళ్లు కత్తిని నమ్ముకున్నారు. ఇప్పుడు బార్కస్ బజారులో ఇండోనేసియా లుంగీలకు అంత గిరాకీ ఎందుకో ఊహించండి. ఒకే లోయలో పుట్టినవాళ్లు సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా స్థిరపడ్డారు. లుంగీ మాత్రం రెండుచోట్లా వదల్లేదు!

దక్కన్‌లో అరబ్బు సిపాయిలకు మొదట మరాఠా సంస్థానాల్లో మంచి గిరాకీ ఉండేది. కోట అప్పగిస్తే ప్రాణం పోయినా వదలరన్న పేరు వాళ్లది. 1818లో మాలేగావ్ కోటను ఇంగ్లిషు సైన్యం ముట్టడించినప్పుడు లోపలుండి పోరాడింది అరబ్బులే. మరాఠాల రాజ్యం కూలాక ఆ కొలువులు పోయాయి. ఇంగ్లిషువాళ్లు కొందరిని ఓడలెక్కించి వెనక్కి పంపేశారు. మిగిలినవాళ్లకు దగ్గర్లో కనిపించిన ఆసరా హైదరాబాద్. అప్పటికే ఇక్కడ ఉన్న అరబ్బులకు వీళ్లు తోడయ్యారు. చూస్తుండగానే వాళ్ల సంఖ్య వేలకు చేరింది.

సిపాయే సాహుకారు

పందొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి అరబ్బు దళపతులు మామూలు సిపాయిల స్థాయిని దాటిపోయారు. వాళ్లను జమేదార్లనేవారు. ఖజానా ఖాళీ అయినప్పుడు నిజాం సర్కారే వాళ్ల దగ్గర అప్పు చేసేది. హామీగా తాలూకాలకు తాలూకాలే తాకట్టు పెట్టేది. అక్కడి శిస్తు వసూలు చేసుకుని జమేదార్లు తమ బాకీ జమ కట్టుకునేవారు. అప్పు ఎగ్గొట్టిన మామూలు మనిషిని తమ ఇంట్లోనే బంధించేంత బలం ఉండేది వాళ్లకి. 1853లో, 24 ఏళ్ల వయసులో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ముందు పెట్టుకున్న పనుల్లో ఇదొకటి. తాకట్టు తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. అరబ్బుల తగాదాలూ అప్పుల గొడవల కోసం విడిగా న్యాయస్థానం పెట్టాడు. వాళ్లను వదిలించుకోలేదు, దారిలో పెట్టుకున్నాడు.

తెలంగాణ పల్లెల్లో అరబ్బు అంటే ఇంకో జ్ఞాపకం. గడీల దగ్గర, సంస్థానాల్లో కాపలాకు అరబ్బులనూ రోహిల్లాలనూ పెట్టుకునేవారు. వడ్డీ వసూలుకు వాళ్లొస్తున్నారంటే ఊరు ఊరంతా తలుపులు వేసుకునేది. నడుముకు కట్టుకునే వంకర కత్తి జంబియా. యెమెన్ నుంచి వచ్చిన ఆ మాట తెలుగు పల్లె దాకా చేరింది భయంతోనే. ఈ వలస కథలో ఆ పుటను దాచేస్తే న్యాయం కాదు.

ఇక్కడి జీతం... అక్కడి సింహాసనం

ఈ కథలో అన్నిటికన్నా ఆశ్చర్యపోయే సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. హైదరాబాద్ జీతంతో అరేబియాలో ఓ రాజ్యమే వెలిసింది!

ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ నిజాం కొలువులో జమేదారు. గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కథీరీ ఇంకో జమేదారు. హద్రమౌత్‌లో ఈ రెండు వంశాలకూ పడదు. ఇద్దరూ ఇక్కడ సంపాదించిన సొమ్ముతో అక్కడ ఆయుధాలు కొన్నారు, మనుషుల్ని పోగేశారు, ఊళ్లకోసం కొట్టుకున్నారు. కథీరీలకు లోయలోని సేయూన్ దక్కింది. ఖుఐతీలు 1858లో షిబామ్‌ని, ఆ తర్వాత షిహ్ర్ రేవుని, 1881లో ముకల్లాని చేజిక్కించుకున్నారు. 1888లో బ్రిటిష్ వాళ్లతో రక్షణ ఒప్పందం చేసుకుని సుల్తానులుగా స్థిరపడ్డారు. అలా ఒకే నగరంలో, ఒకే ప్రభువు దగ్గర జీతం తీసుకున్న ఇద్దరు ఉద్యోగుల పగ, సముద్రం అవతల రెండు రాజ్యాల సరిహద్దయింది.

సుల్తానులైనా ఖుఐతీలు హైదరాబాద్‌ని వదల్లేదు. ఇక్కడ ఆస్తులు, బిరుదులు, బంధుత్వాలు ఉంచుకున్నారు. ఏళ్ల తరబడి ఇక్కడే గడిపినవాళ్లూ ఉన్నారు. ముకల్లాలోని సుల్తాన్ ప్యాలెస్‌ని చూస్తే మన దేశపు భవనాల పోలికలు ఇట్టే కనిపిస్తాయి. మన రూపాయి అక్కడ చెలామణీ అయింది. ఇక్కడి సిపాయి పంపిన డబ్బుతో అక్కడ పొయ్యి వెలిగేది. జావా, హైదరాబాద్‌ల నుంచి డబ్బు ఆగిపోతే ఆ లోయ ఎంత విలవిల్లాడేదో 1940ల కరవులే చెబుతాయి. రెండో ప్రపంచయుద్ధంలో జావా దారి మూసుకుపోయింది. 1943-44లో జనం ఆకలితో చచ్చిపోయారు. హైదరాబాద్ సంస్థానం కూలిన 1948-49లో మళ్లీ కరవొచ్చింది. అంటే, ఇవాళ గల్ఫ్ డబ్బుకోసం ఎదురుచూసే మన పల్లెల్లాగే, ఒకప్పుడు హైదరాబాద్ డబ్బుకోసం ఎదురుచూసిన అరబ్బు పల్లెలున్నాయి!

అమ్మ ఇక్కడిదే

హద్రమౌత్ నుంచి ఓడెక్కింది మగవాళ్లు మాత్రమే. ఆడవాళ్లను వెంట తెచ్చుకోవడం దాదాపు లేదు. కాబట్టి వచ్చినవాళ్లు ఇక్కడే నిఖా చేసుకున్నారు. ఇలా పరాయిగడ్డ మీద, అక్కడి తల్లికి పుట్టిన బిడ్డను హద్రమీలు 'మువల్లద్' అంటారు. బార్కస్ మొత్తం ఆ బిడ్డల వంశమే.

తండ్రి ఇంటిపేరు ఇచ్చాడు. బావజీర్, అమూదీ, యాఫఈ, కథీరీ, జాబ్రీ... మనకు ఇంటిపేరు చెబితే ఊరూ గోత్రం గుర్తొచ్చినట్టు, వాళ్లకు ఈ పేరు వింటే ఏ తెగో, లోయలో ఏ మూలో తెలిసిపోతుంది. పేరు ముందు 'బా' అని ఉంటే హద్రమౌత్ వాళ్లని తేలిగ్గా పోల్చేయొచ్చు. సంబంధాలు చూసేటప్పుడు పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ లెక్క చూస్తారు.

తల్లి మాత్రం నాలుకనిచ్చింది. ఉగ్గుపాలతో వచ్చింది దక్కనీ ఉర్దూ. తాతల అరబ్బీ తరం తరానికీ పలచబడింది. ప్రార్థనలోనూ, కొన్ని చుట్టరికం మాటల్లోనూ, వంటల పేర్లలోనూ మిగిలింది. వంటింట్లో ఖట్టీ దాల్, బగారా బైగన్ చేరిపోయాయి. తండ్రి వైపు నుంచి చూస్తే యెమెనీలు, తల్లి వైపు నుంచి చూస్తే నూటికి నూరుపాళ్లూ దక్కనీలు. మరి వీళ్లని ఎవరనాలి? చాలా కాలం ఎవరికీ ఆ ప్రశ్న రాలేదు. 1948లో వచ్చింది.

సెప్టెంబరు 17

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం పోరాటం ఆపుతున్నట్టు ప్రకటించాడు. మర్నాడు మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి ముందు లాంఛనంగా లొంగిపోయిన నిజాం సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్. ఆయన పూర్వీకులదీ హద్రమౌతే!

కొలువు ఒక్క రోజుతో పోయింది. అంతటితో ఆగలేదు. రజాకార్ల దౌర్జన్యాల్లో, దొరల తరఫు దాడుల్లో కొందరు అరబ్బుల చేతులూ ఉన్నాయి. ఆ కోపం అందరి మీదికీ మళ్లింది. అరబ్బులు, పఠాన్లు విదేశీయులు కాబట్టి వాళ్ల దేశాలకు పంపేయాలని సర్కారు అనుకుంది. వేలమందిని పట్టుకుని శిబిరాల్లో పెట్టారు. కొందరిని ఓడలెక్కించారు కూడా.

అప్పుడు ఎదురైంది అసలు చిక్కు. విదేశీయుడంటే ఎవరు? నిన్నగాక మొన్న ముకల్లా నుంచి వచ్చినవాడు సరే. మరి ముత్తాత వచ్చి, తాత ఇక్కడ పుట్టి, తండ్రి ఇక్కడ పుట్టి, తనూ ఇక్కడే పుట్టి, తల్లీ పెళ్లామూ హైదరాబాదీలే అయినవాణ్ని ఏ దేశం పంపుతారు? పంపినా దిగాల్సిన చోట తెలిసినవాళ్లెవరు? పెళ్లాం పిల్లల మాటేమిటి? ఓడ ఖర్చు ఎవరిది? కరవుతో ఉన్న ఆ లోయ ఇంతమందిని ఎలా పోషిస్తుంది? అటు ఏడెన్‌లోని బ్రిటిష్ అధికారులకూ ఇటు ఢిల్లీకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. కాలం గడిచేకొద్దీ పంపేయాలన్న పట్టుదల సడలింది.

1950 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన రాజ్యాంగం జవాబును తేలిక చేసింది. ఈ దేశంలో స్థిర నివాసం ఉండి, తను ఇక్కడ పుట్టినా, తల్లో తండ్రో ఇక్కడ పుట్టినా, అంతకుముందు అయిదేళ్లు వరసగా ఇక్కడ ఉన్నా... పౌరుడేనంది అయిదో అధికరణం. అందులో తాత ఊరి గురించి ప్రశ్న లేదు. మతం గురించీ లేదు. ఇక్కడే పుట్టిన బార్కస్ బిడ్డకు అంతకన్నా ఇంకేం కావాలి?

అన్నట్టు, చరిత్ర ఒక్కోసారి తేదీలతో ఆడుకుంటుంది. హైదరాబాద్ డబ్బుతో వెలిసిన ఖుఐతీ రాజ్యం కూడా తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. వామపక్ష నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ ముకల్లాను పట్టుకోవడంతో అక్కడి సుల్తానుల పాలన ముగిసింది. ఆ రోజు 1967 సెప్టెంబరు 17. సరిగ్గా 19 ఏళ్ల తేడాతో, అదే తేదీన, బార్కస్‌కి అటు రాజూ ఇటు రాజూ ఇద్దరూ పోయారు!

కత్తి పోయి... వీసా వచ్చె

కొలువు పోయిన సిపాయికి ఇంకో విద్య రాదు. 1948 తర్వాతి పాతికేళ్లు బార్కస్‌కి గడ్డుకాలం. చౌకీదార్లయ్యారు, పళ్లు అమ్మారు, తోటలు కౌలుకు పట్టారు. ఒకప్పుడు బార్కస్ జామపండు అంటే హైదరాబాద్‌లో ఎంతో పేరు. ఆ తోటలు ఎక్కువగా ప్లాట్లయిపోయినా పెద్దవాళ్లు ఆ తీపిని ఇప్పటికీ తలుచుకుంటారు. ఒంట్లోని సిపాయి సత్తువ మాత్రం ఆటల్లోకి మళ్లింది. కుస్తీ, ఫుట్‌బాల్... బార్కస్ మైదానంలో సాయంత్రాలు బంతి ఆగేది కాదు. ఊరంతా క్రికెట్ అంటున్నా ఇక్కడ ఫుట్‌బాల్ మోజు తగ్గలేదు.

1973 తర్వాత చమురు ధరలు ఎగిసి గల్ఫ్ దేశాల్లో పనులు పెరిగాయి. బార్కస్ దశ తిరిగింది. సౌదీ, కువైట్, ఎమిరేట్స్‌లలో అప్పటికే హద్రమౌత్ చుట్టాలున్నారు. పేరు చూడగానే ఏ తెగో గుర్తుపట్టేస్తారు. వీసా దొరకడం మిగతావాళ్లకన్నా తేలికైంది. వందేళ్ల కిందట పొట్టచేత పట్టుకుని అరేబియా నుంచి దక్కన్‌కి వచ్చినవాళ్ల మనవలు, ఈసారి దక్కన్ నుంచి అరేబియాకు బయల్దేరారు. ఆ డబ్బుతో పెంకుటిళ్ల చోట మేడలు లేచాయి. బజారులో అత్తరు, బంగారం, విదేశీ సామాన్లు వచ్చిపడ్డాయి.

అయితే అక్కడికెళ్లాక తెలిసొచ్చింది ఇంకో నిజం. హైదరాబాద్‌లో వాళ్లని అందరూ 'అరబ్' అనేవారు. అరబ్బుల దేశంలో అడుగుపెట్టగానే 'హిందీ' అన్నారు! ఇండియావాణ్ని అక్కడ పిలిచే మాట అదే. కరీంనగర్ కూలీ, కడప డ్రైవరు, కోనసీమ ఆయా ఏ వరసలో నిల్చుంటారో, బార్కస్ కుర్రాడూ ఇంచుమించు అదే వరసలో నిల్చున్నాడు. పేరు వీసా వరకు సాయం చేసింది. తర్వాత ఎవరి కష్టం వాళ్లదే.

గల్ఫ్ బంధం చేదును కూడా తెచ్చింది. డబ్బున్న షేకులు వచ్చి పేదింటి ఆడపిల్లల్ని నిఖా పేరుతో కొనుక్కుపోయే దుర్మార్గం పాతబస్తీని దశాబ్దాలుగా వెంటాడింది. 2017లో హైదరాబాద్ పోలీసులు గల్ఫ్ నుంచి వచ్చిన పెళ్లికొడుకుల్నీ, ఈ వ్యవహారాలు నడిపిన దళారుల్నీ, ఖాజీల్నీ అరెస్టు చేశారు. ఆ వార్తలొచ్చిన ప్రతిసారీ బార్కస్ లాంటి బస్తీలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. పిల్లల్ని కాలేజీలకు పంపి ఉద్యోగాల్లో చూసుకుంటున్న తల్లిదండ్రులు ఇక్కడ ఎంతమందో ఉన్నారు. వాళ్ల కథ వార్త కాలేదు.

హరీస్ నుంచి మండీ దాకా

ఇక వంటల సంగతి. రంజాన్ వచ్చిందంటే హైదరాబాద్ అంతా హలీం బట్టీలే. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఈ హలీంకి పెద్దన్న ఎవరో తెలుసా... హరీస్! గోధుమల్నీ మాంసాన్నీ గంటల తరబడి ఉడికించి, రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేదాకా మెదుపుతారు. అరబ్బుల వంటకం. మసాలా పెద్దగా ఉండదు. దానికి హైదరాబాదీలు నెయ్యి, మసాలాలు, వేయించిన ఉల్లిపాయలు జోడించి హలీం చేసుకున్నారు. బార్కస్‌లో మాత్రం పాత హరీస్ బతికే ఉంది. పొద్దున్నే టిఫిన్‌లా తింటారు. కొందరికి ఉప్పుది కావాలి, కొందరికి తీపిది. మాంసం గంజిలో చక్కెర చల్లుకుని తినడమేంటని కొత్తవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఒక్కసారి రుచి చూస్తే ఆ మాటే మర్చిపోతారు. హైదరాబాద్ పెళ్లి విందుల్లో మొదట వడ్డించే మరగ్ పేరూ అరబ్బీదే. ఆ భాషలో 'మరఖ్' అంటే మాంసం పులుసు. భోజనం తర్వాత ఘాటైన గావా ఉండనే ఉంది.

మండీది ఇటీవలి కథ. అదీ హద్రమౌత్ వంటకమే. పేరుకు మూలం తడి, మంచు అనే అర్థమిచ్చే అరబ్బీ మాట అంటారు. మాంసం తడి ఆరకుండా ఉడుకుతుంది కాబట్టి ఆ పేరు. నేలలో తవ్విన పొయ్యిలో నిప్పులు, వాటిపైన బియ్యం గిన్నె, ఆ పైన మాంసం. మూత పెట్టి గాలి చొరకుండా కప్పేస్తారు. మాంసంలోని కొవ్వు చుక్క చుక్కగా అన్నంలోకి జారుతుంది. పెద్ద పళ్లెంలో గుట్టగా పోసి మధ్యలో పెడితే నలుగురూ చుట్టూ కూర్చుని తినాల్సిందే. ఎవరి కంచం వాళ్లదే అంటే కుదరదు!

చదువుల కోసం యెమెన్ విద్యార్థులు హైదరాబాద్‌కి పెద్దసంఖ్యలో రావడం, గల్ఫ్‌లో మండీ రుచి మరిగినవాళ్లు తిరిగి రావడం... రెండూ కలిశాయి. బార్కస్ నుంచి షాహీన్ నగర్ వైపు వెళ్లే రోడ్డు పొడవునా 2010 తర్వాత మండీ హోటళ్లు వరసకట్టాయి. అక్కణ్నుంచి ఐటీ కుర్రాళ్ల నోట పడి నగరం దాటింది. ఇప్పుడు విజయవాడ, గుంటూరు, విశాఖల్లోనూ కింద కూర్చోబెట్టి మండీ పెడుతున్నారు. అక్కడి మండీలో మన గోంగూర కారాలూ దూరుతున్నాయనుకోండి! వంటకానికీ వలస తప్పదు. వచ్చిన చోట రుచి మార్చుకోకా తప్పదు.

మర్ఫా దరువు కూడా అంతే. దఫ్‌లు, డప్పులు కలిపి వాయించే ఈ వాద్యాన్ని హద్రమీ అరబ్బులూ, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ హైదరాబాద్‌కి తెచ్చారు. పెళ్లి ఊరేగింపులో ఆ దరువుకు బార్కస్ పెద్దలు కత్తులు తిప్పుతూ ఆడేవారు. అందులోని తీన్‌మార్ దెబ్బకి ఇప్పుడు బారాత్‌ల్లోనూ, గణేశ్ నిమజ్జనాల్లోనూ స్టెప్పులేయని హైదరాబాదీ ఉండడు. ఆ సిద్దీల బస్తీ ఏసీ గార్డ్స్ పేరులోనూ సైన్యమే ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నదే కుదించుకుపోయి ఏసీ గార్డ్స్ అయింది.

పక్కన కొత్త వలస

బార్కస్ చుట్టుపక్కల ఓసారి చూడండి. ఒకపక్క కంచన్‌బాగ్‌లో క్షిపణుల్ని తయారుచేసే రక్షణ పరిశోధన సంస్థలు. ఇంకోపక్క కేశవగిరిలో సీఆర్పీఎఫ్ ప్రాంగణం. జంబియాల కాలం నుంచి క్షిపణుల కాలం దాకా ఈ మూల సైనికుల వాసన వదల్లేదు.

అటు యెమెన్ మాత్రం 2014 నుంచి అంతర్యుద్ధంలో నలిగింది. 2015 ఏప్రిల్‌లో ముకల్లా అల్‌ఖైదా చేతికి చిక్కి ఏడాదిపాటు వాళ్ల గుప్పిట్లోనే ఉంది. ఆ వసంతంలోనే మన దేశం 'ఆపరేషన్ రాహత్' పేరుతో ఓడలూ విమానాలూ పంపి యెమెన్‌లో చిక్కుకున్న వేలమంది భారతీయుల్ని తీసుకొచ్చింది. ఒకప్పుడు కూటికోసం ముకల్లా రేవు నుంచి ఓడెక్కిన తాతల మనవలకు, ఇప్పుడు ఆ ఊరు టీవీలో కనిపించే యుద్ధభూమి. వెనక్కి వెళ్దామన్నా వెళ్లే చోటు కాదు. అయినా వెళ్దామనుకునేవారెవరు? వాళ్ల తాతలూ తల్లులూ ఇక్కడి ఖబరస్తాన్‌లోనే ఉన్నారు.

బార్కస్‌కి దగ్గర్లోని బాలాపూర్ వైపు వెళితే రేకుల గుడిసెలు కనిపిస్తాయి. మయన్మార్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చిన రోహింగ్యాలవి. 2012 తర్వాత వేలమంది ఈ చుట్టుపక్కలే తలదాచుకున్నారు. చెత్త ఏరుతూ, కూలి చేస్తూ బతుకుతున్నారు. వాళ్ల చేతిలో ఉన్నదల్లా ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. అరబ్బు సిపాయిలు రాజు పిలిస్తే వచ్చారు, వీళ్లను ఎవరూ పిలవలేదు. రెంటినీ ఒకేలా చూడలేం. కానీ 1948లో బార్కస్‌ని అడిగిన ప్రశ్ననే ఇప్పుడు బాలాపూర్ గుడిసెలనూ అడుగుతున్నారు. మీది ఏ దేశం? ఎప్పుడు వెళ్తారు? పోయిన శతాబ్దంలో ఆ ప్రశ్నకు శిబిరాల్లో, ఓడల్లో, చివరికి రాజ్యాంగం పుటల్లో జవాబు వెతికారు. ఈసారి జవాబు ఇంకా దొరకలేదు.

వెళ్లాలనుకుంటే... చార్మినార్ నుంచి బార్కస్‌కి సిటీ బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. ఎంఎంటీఎస్‌లో అయితే ఫలక్‌నుమాలో దిగాలి. హరీస్ కావాలంటే పొద్దున్నే వెళ్లాలి, ఆలస్యమైతే గిన్నె ఖాళీ. మండీకి సాయంత్రం మంచిది, నలుగురు తోడుంటే ఇంకా మంచిది. పళ్లెం వచ్చేలోగా కౌంటరు దగ్గర కూర్చున్నాయన్ని ఇంటిపేరు అడిగి చూడండి. అది ఏ లోయదో, ఏ తెగదో ఓపిగ్గా చెబుతాడు. ఆ చెప్పడం మాత్రం... దక్కనీలోనే!